ఒంటికాలి పక్షి స్టిక్కరు

రేడియో కట్టేశాక కూడా ఆమె మాట్లాడుతూనే ఉంది.

ఏలూరు పవర్‌పేటలో మేడ మీద నా గది. సాయంత్రం ఎండ గోడ దిగిపోయే వేళ కిటికీ పక్కన కూర్చుని షార్ట్‌వేవ్‌లో లోమేరా దీవి రేడియో వింటున్నాను. పక్కింటి ఇన్వర్టరు, ఎదురింటి ఎల్ఈడీ దీపాలు, వీధి చివర సెల్ టవరు, అన్నీ కలిసి రేడియోలో ఒకటే చప్పుడు, నూనెలో ఏదో వేగుతున్నట్టు. ఆ వేగుడు అడుగున ఒక ఆడగొంతు. మాటలు తెలియడం లేదు. దీవి పేరు మాత్రం తెలిసింది, చివరి అక్షరాన్ని కొంచెం సాగదీసి పలికింది. ఇంతలో చప్పుడు ఎక్కువైతే విసుగొచ్చి మీట తిప్పేశాను. గదిలో సద్దుమణిగింది. ఆమె మాత్రం ఆగలేదు. కొన్ని ఊపిరుల సేపు, అదే దూరంలో, అదే నింపాదితో ఏదో చెప్పి, ఫ్యాను చప్పుడులోకి దిగిపోయింది.

భయం వేయలేదు. నిద్రపట్టే ముందు పొద్దుటి మాటలేవో చెవిలో తిరుగుతాయి కదా, అలాంటిదే అనుకున్నాను. మర్నాడు కూడా అలాగే జరిగినప్పుడు చెవుల డాక్టరు దగ్గరికి వెళ్లాను.

చిన్న వయసు అమ్మాయి. నా చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, సన్నటి కూతలు వినిపిస్తాను, వినబడినప్పుడల్లా బటన్ నొక్కండి అంది. శ్రద్ధగా నొక్కాను. పరీక్షలంటే నాకు మొదటినుంచీ ఇష్టం. ముప్పై ఏళ్లు తాడేపల్లిగూడెం మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి, పరీక్షలు పెట్టి, నిరుడే రిటైరయ్యాను. ఆమె కంప్యూటరు మీద గీతలు చూసి నవ్వింది. కూత వినిపించిన చోట చాలాసార్లు నొక్కలేదట. ఏమీ వినిపించని చోట కూడా నొక్కానట.

"చెవికి అందని చోట్లని మెదడు నింపుకుంటుందండి," అంది. "తెలిసిన గొంతులు, ఇష్టమైన పాటలు, వాటితోనే నింపుతుంది. పిచ్చి కాదు. కంగారు పడకండి."

నిండినదేదో విన్నదేదో తెలియడం ఎలాగని అడిగాను.

"పక్కన ఇంకొకరు ఉంటే తెలుస్తుందండి. ఇంట్లో ఎవరుంటారు?"

ఎవరూ ఉండరని చెప్పాను. ఆమె తల వంచుకుని చీటీ రాయడం మొదలుపెట్టింది.

ఆ వారంలోనే ఫోనులోని రేడియో శ్రోతల గ్రూపులో వార్త వచ్చింది. లోమేరా రేడియో మూతపడుతోంది. ఆదివారం చివరి ప్రసారం. అది విని, విన్నది విన్నట్టుగా రాసి పంపినవాళ్లకి మిగిలిన స్టిక్కర్లలోంచి ఒకటి పంపుతారు. నీలిరంగు పక్షి, ఒంటికాలి మీద నిలబడి, మెడ వెనక్కి తిప్పి. ఆ పక్షి నాకు పాత పరిచయం.

ఆదివారం వింటాను, వినబడింది నిజమో కాదో తేల్చుకుంటాను, నిజం కాకపోతే ఇక రేడియో ముట్టను. అలా అనుకున్నాను. పెద్ద నిర్ణయంగా ఎవరికీ కనిపించదు. నాకు మాత్రం ఆ తర్వాత సాయంత్రాలు ఎలా ఉంటాయో ఊహకు అందలేదు. ఊహకు అందని చోట్లని మెదడు దేనితో నింపుతుందో డాక్టరమ్మ చెప్పలేదు.

చిన్నప్పుడు మా ఇల్లు తాడేపల్లిగూడెంలో రైలు కట్ట దగ్గర. రేకుల ఇల్లు. వాన పడుతుంటే రేకుల మీద ఎవరో మాట్లాడుతున్నట్టు నాకు వినిపించేది. మా అమ్మ హన్నమ్మ మిషన్ హాస్టల్లో వంట చేసేది. చెబితే నన్ను ఒళ్లో కూర్చోబెట్టుకుని, రెండు అరచేతులతో నా చెవులు మూసి, ప్రార్థన చేసేది. ఆ చేతులు ఉల్లిపాయ వాసన వేసేవి. నువ్వు విన్నది లేదురా నాన్నా అని చెప్పడానికి ఆమె దగ్గరున్న ప్రేమంతా ఆ చేతుల్లో ఉండేది. ఆ చేతుల మధ్య కూడా నాకు వినబడుతూనే ఉండేది. ఆమెకు మాత్రం చెప్పడం మానేశాను.

కాలేజీలో చేరాక పాత రేడియో ఒకటి కొనుక్కున్నాను. ఐరోపా స్టేషన్ ఒకటి విని, ఏ రోజు ఏ వేళ ఏం వినిపించిందో రాసి, రిసెప్షన్ రిపోర్టు పంపాను. కొన్నాళ్లకి కార్డు వచ్చింది. మీరు రాసింది మా రికార్డులతో సరిపోయింది, మీరు విన్నది మా ప్రసారమే అని ధ్రువీకరిస్తున్నాం అని, కింద ఎవరిదో సంతకం. నా జన్మలో చూడని మనిషి, నేను విన్నది లోకంలో ఉందని సంతకం పెట్టాడు. అమ్మ ఆ కార్డును ఇటూ అటూ తిప్పి చూసి, నా ముఖంలోకి చూసి, "అయితే మాట్లాడేవాడు ఉన్నాడన్నమాట," అంది.

అలా మొదలైంది. కార్డులు, మూడు మూలల గుడ్డ జెండాలు, క్యాలెండర్లు, తాళపుచెవుల గొలుసులు, వాటన్నిటికంటే ఎక్కువగా స్టిక్కర్లు. కారు బంపరుకి అంటించుకొమ్మని వెనక కాగితం మీద ఇంగ్లీషులో అచ్చు వేసి ఉండేది. మాకు అప్పటికి సైకిలు కూడా లేదు. ఒక్కో స్టిక్కరునీ పల్చటి బటర్ పేపరు మధ్య పెట్టి, బిస్కెట్ల డబ్బాల్లో కలరా ఉండలు వేసి దాచాను. ఇన్నేళ్లలో ఒక్కదాని వెనక కాగితమూ ఊడదీయలేదు. ఊడదీస్తే ఆ క్షణం నుంచీ అది పాడవడం మొదలుపెడుతుంది. అలాగే ఉంచితే, ఎప్పటికైనా ఎక్కడైనా అంటించగలిగేదిగా ఉంటుంది. ఎక్కడ అంటించాలో నాకు ఎన్నడూ తెలియలేదు.

నా పక్కన ఉన్న ఇంకొకరు అని చెప్పుకోవాలంటే, ఒకప్పుడు హనుమంతరావు ఉండేవాడు.

ఆకివీడు రైతు. ఒక విదేశీ స్టేషన్ శ్రోతల ఉత్తరాల కార్యక్రమంలో అతని పేరూ ఊరూ చదివితే విని, కార్డు రాశాను. అతను బదులు రాశాడు. ఉత్తరాల్లో మొదలైన స్నేహం గనుక ఒకరినొకరు మీరు అనుకోవడం అలవాటైంది, తర్వాత మారలేదు. ఇద్దరం కలిసి కొల్లేరు రేడియో శ్రోతల సంఘం అని రబ్బరు ముద్ర చేయించాం. సంఘంలో మేమిద్దరమే. ఆదివారాలు సాయంత్రం కొల్లేటికోట వైపు గట్టు మీద రేడియో పెట్టుకుని వినేవాళ్లం.

వినడానికి మాదొక పద్ధతి ఉండేది. ఎదురెదురుగా కూర్చుంటే ఒకరి ముఖం చూసి ఇంకొకరు వింటారు. అందుకని వీపుకి వీపు ఆనించి కూర్చునేవాళ్లం. ఎవరి కాగితం మీద వాళ్లు రాసుకోవాలి, మధ్యలో మాట్లాడకూడదు. ప్రసారం అయ్యాక కాగితాలు పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఉన్నదే రిపోర్టులో రాయాలి. ఒకరే విన్నది ఎంత గొప్పదైనా కొట్టేయాలి.

ఆ పద్ధతి కూడా ఒకసారి మమ్మల్ని మోసం చేసింది. ఐరోపా స్టేషన్ ఒకటి విన్నాం. మధ్యలో డప్పులు మోగాయని ఇద్దరం రాశాం. రెండు కాగితాల్లోనూ ఉంది కదా, పంపేశాం. ఆ కార్యక్రమం ఆసాంతం వ్యవసాయం గురించిన ప్రసంగమనీ, అందులో డప్పులేవీ లేవనీ, మీ ప్రాంతంలో ఏమైనా పండుగ జరుగుతోందా అనీ మర్యాదగా జవాబు వచ్చింది. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర. నీటి మీదుగా వచ్చి ఇద్దరి చెవుల్లోనూ ఒకే దారిన దూరింది. పుట్టినప్పటినుంచీ వింటున్న చప్పుడు గనుక అది మా ఊరిదని ఇద్దరికీ తట్టలేదు.

స్టిక్కర్లు రెండు వస్తే చెరొకటి. ఒకటే వస్తే వంతులు. లోమేరా నుంచి మొదటిసారి నీలిపక్షి వచ్చినప్పుడు హనుమంతరావు వంతు. కొల్లేటి పిట్ట అంతదూరం ఎప్పుడు పోయిందండి అని నవ్వి, అక్కడికక్కడే వెనక కాగితం లాగేసి, వాళ్ల నాన్న చేపల లారీ వెనక అంటించేశాడు. నేను ముఖం పక్కకి తిప్పుకున్నాను. నాకివ్వండి, దాచిపెడతాను అని అంతకు ముందే అడిగి ఉన్నాను.

"అంటించుకోడానికే కదండీ పంపించారు," అన్నాడు.

ఆ లారీ ఐసు నీళ్లు కార్చుకుంటూ హౌరా వెళ్లి వచ్చేది. వచ్చిన ప్రతిసారీ పక్షి కొంచెం తెల్లబడేది. తర్వాత లారీని అమ్మేశారు. ఇప్పటికీ పాత లారీ ఏదైనా రైలు గేటు దగ్గర ఆగితే వెనక వైపు ఒకసారి చూస్తాను.

మేం మాట్లాడుకోవడం మానేయడానికి కారణం అది కాదు. కారణమంటూ లేదు. అతను చేలను చేపల చెరువులు చేశాడు, పిల్లలు పుట్టారు, టీవీ వచ్చింది. స్టేషన్లు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. ఉత్తరాలు పల్చబడ్డాయి. ఒకరోజు చూసుకుంటే, ఫోన్ చేయడానికి ముందు ఏదో ఒక సాకు వెతుక్కోవలసినంత దూరం వచ్చేసింది.

శనివారం పొద్దున్న ఫోన్ చేశాను. అతని భార్య అచ్చాయమ్మ ఎత్తింది.

"నిత్యానందం అన్నయ్యగారా? ఉన్నారా అండి?" అంది. "మీరు పోయారేమోనని మావారు ఒకసారి అన్నారండి. కనుక్కోడానికి భయమేసి ఊరుకున్నారు. ఏవండీ, మీ రేడియో అన్నయ్యగారు, ఉన్నారు!"

హనుమంతరావు ఫోన్ అందుకున్నాడు. లోమేరా సంగతి చెప్పాను. చెవుల సంగతి చెప్పలేదు. వెనకాల ఏరియేటర్ల చప్పుడు, చెరువు నీటిని చిలుకుతూ.

"కాగితాలు మీరు తెస్తారా, నేను తేనా?" అని అడిగాడు.

ఆదివారం ఆరాధన అయ్యాక బస్సెక్కాను. ఏలూరు నుంచి కైకలూరు రోడ్డు కొల్లేటి మధ్య నుంచి పోతుంది. రోడ్డుకి రెండు పక్కలా చెరువులు, గట్లు, మళ్లీ చెరువులు. మధ్యాహ్నపు ఎండలో నీళ్లు ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియడం లేదు. కిటికీకి తల ఆనించి కునుకు తీశాను. బస్సు ఇంజను చప్పుడులో ఎవరో నన్ను స్కూల్లో హాజరు పిలిచినట్టు పిలిచారు. పలకలేదు.

కైకలూరు బస్టాండులో హనుమంతరావు కారుతో ఉన్నాడు. జుట్టు తెల్లబడింది, పొట్ట వచ్చింది. మొదట అతని కారు వెనక్కి వెళ్లి చూశాను. బంపరు నున్నగా ఉంది.

"ఇప్పుడెవరు పంపుతున్నారండి," అన్నాడు, నేను అడక్కుండానే.

వాళ్ల ఇంటి చుట్టూ అన్నీ చెరువులే, అన్ని చెరువుల్లోనూ మోటార్లే. అక్కడ రేడియో పెడితే మోటార్లు తప్ప ఏమీ వినబడవు. అందుకని కొల్లేటికోటలో తెలిసినవాళ్ల దగ్గర దోనె అడిగి ఉంచాడు. కరెంటు తీగ కనబడనంత దూరం నీళ్లలోకి పోవాలని అతని లెక్క. నన్ను మధ్యలో కూర్చోబెట్టి, తాను వెనక నిలబడి గెడ వేశాడు. చిన్నప్పటి విద్య, చేతులు మర్చిపోలేదు. ఆయాసం మాత్రం కొత్తది.

"మీ బరువు అంతే ఉందండి. నాదే పెరిగింది," అన్నాడు. "మునిగితే నావల్లే మునిగామని మీ పాస్టరుగారికి చెప్పండి."

"మునిగాక చెప్పేది ఎలాగండి?"

"రేడియోలో."

గుర్రపుడెక్క మధ్య సన్నటి దారి. దోనె దాన్ని చీల్చుకుని వెళ్తే వెనకాలే ఆకులు దగ్గరకు జరిగి దారి మూసుకుపోతోంది. మేము వచ్చిన గుర్తు కూడా ఉండటం లేదు. కిక్కిస దుబ్బులు రెండువైపులా మనుషులంత ఎత్తున ఉన్నాయి. పెద్ద గూడబాతులు తలల మీదుగా, రెక్కలు కదిపీ కదపకుండా, ఒకదాని వెనక ఒకటి వెళ్లాయి. ఎండ పసుపై, పసుపు బూడిదై, నీటికి రంగు లేకుండా పోయింది. గెడ చప్పుడు ఆగాక అక్కడ ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, నా చెవుల్లోని చప్పుడు నాకు మొదటిసారి విడిగా వినబడింది. సన్నటి ఈల లాంటిది. ఇన్నాళ్లూ అది గదిదే అనుకున్నాను.

గెడకి రేడియో ఏరియల్ తీగ చుట్టి నిలబెట్టాడు. అడ్డచెక్క మీద రేడియో పెట్టాం. కాగితాలు తీసుకున్నాం. దోనె ఊగకుండా నెమ్మదిగా తిరిగి, వీపుకి వీపు ఆనించి కూర్చున్నాం. అతని వీపు వెడల్పయింది. చొక్కా చెమటతో తడిసి ఉంది. నా వెన్ను తనకు తానుగా ఆ పాత చోటు వెతుక్కుని ఆగింది. ఒక మనిషి ఒంటి వెచ్చదనం నాకు తగిలి ఎన్నాళ్లయిందో అనుకుని, అంతలో ముల్లు తిప్పాను.

ఇక్కడ రేడియోలో వేగుడు లేదు. ఉత్త గాలి చప్పుడు, నిద్రపోతున్న మనిషి ఊపిరిలా. ముల్లు ఆగవలసిన చోట ఆ ఊపిరి కొంచెం బరువెక్కింది. అడుగున ఏదో కదిలింది.

గొంతు.

రాశాను. వస్తోంది, పోతోంది. కెరటం మీద కెరటంలా. ఒకసారి దీవి పేరు వచ్చింది, మళ్లీ ఒకసారి. తర్వాత మాటలు నీళ్లలో నానినట్టు మెత్తబడి పాట అయ్యాయి. నెమ్మదైన పాట, మాటలు లేనిది. ఆ వరస నాకు బాగా తెలుసు. ఎక్కడ పైకెళ్తుందో, ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో, అన్నీ ముందే తెలిసిపోతున్నాయి. మా అమ్మ హాస్టల్ గిన్నెలు తోముతూ నోరు తెరవకుండా తీసే రాగం. కళ్లు మూసుకున్నాను. అలా తెలిసిపోవడం వల్లే అనుమానించాలని ఒక వైపు తెలుస్తోంది. ఇంకో వైపు నేను ఆమె ఒళ్లో ఉన్నాను, చెవుల మీద చేతులున్నాయి, ఆ చేతుల మధ్యనుంచి ఇది వినబడుతోంది. పాట అని రాశాను. నా వెనక హనుమంతరావు పెన్సిలు గీస్తున్న చప్పుడు కూడా అందులో కలిసింది.

పాట చెదిరి మళ్లీ గొంతు వచ్చింది. ఆగింది. ఆగిన చోట దగ్గు.

పొడిగా, చిన్నగా, గుప్పిట అడ్డం పెట్టుకుని దగ్గినట్టు. ఆ వెంటనే, ఇంట్లో ఎవరో దీపం ఆర్పి తలుపు వేసినట్టు, రేడియోలోని బరువు పోయింది. ఉత్త గాలి మిగిలింది.

అతను ఫోను లైటు వేశాడు. కాగితాలు చెక్క మీద పక్కపక్కన పెట్టాం.

నాది: ఆడగొంతు. లోమేరా అని రెండుసార్లు. పాట, నెమ్మదిగా. దగ్గు. ఆగిపోయింది.

అతనిది: గొంతు, ఆడో మగో తెలియలేదు. అంకెలు చదివారు, చాలాసేపు. దగ్గు.

పాట ఎక్కడని అతను అడిగాడు. అంకెలు ఎక్కడని నేను అడిగాను. ఒకరి కాగితం ఒకరం చాలాసేపు చూసుకున్నాం. పద్ధతి ప్రకారం అతను పెన్సిలు తీసుకుని, తన అంకెల మీదా నా పాట మీదా గీత కొట్టేశాడు. దీవి పేరు కూడా పోయింది. ఒక గొంతు, చివర దగ్గు. అంతే మిగిలింది.

గొంతు ఎవరి తలలోనైనా పుడుతుంది. దగ్గు ఎందుకు పుడుతుంది? నా మెదడుకు దగ్గుతో నింపుకునే అవసరం ఏముంది? ఆ మాటే పైకి అన్నాను. అనాలంటే డాక్టరమ్మ సంగతి కూడా చెప్పాల్సి వచ్చింది.

"రేడియో కట్టేశాక కూడా నాకు వినబడుతోందండి," అన్నాను. "ఇది కూడా అలాంటిదైతే ఇక మానేద్దామనుకుని వచ్చాను."

హనుమంతరావు లైటు ఆర్పేశాడు. చీకటి ఇంకా పూర్తిగా పడలేదు. అతని ముఖం ఉన్న చోట కొంచెం తెలుపు.

"నాకు మోటార్లు కట్టేశాక అంకెలు వినబడతాయండి," అన్నాడు. "చేపల వేలంలో అరుస్తారు చూడండి, ఆ అంకెలు. మంచం మీద పడుకున్నా అవే. ఆవిడకి చెప్పలేదు, భయపడుతుందని."

మళ్లీ తనే అన్నాడు. "కానీ ఆ డప్పు గుర్తుందాండీ?"

గుర్తుంది. అదే నేనూ అనుకుంటున్నాను. రెండు కాగితాల్లోనూ ఉన్నంత మాత్రాన అది రేడియోలోది కానక్కర్లేదు. దగ్గడానికి కొల్లేటిలో మనుషులకేం తక్కువ. అతను లేచి నిలబడి, దుబ్బుల వైపు చూసి, "ఎవరండీ అక్కడ?" అని పిలిచాడు. ఎవరూ పలకలేదు. కిక్కిసలో ఏదో ఎగిరి, మళ్లీ వాలింది. కొన్ని పిట్టలు అచ్చం దగ్గినట్టే అరుస్తాయని అతనే చెప్పాడు.

అయినా రాశాం. రెండు వాక్యాల రిపోర్టు, కింద ఇద్దరి సంతకాలు, సంఘం పాత ముద్ర. అడ్రసు ఆకివీడుది ఇచ్చాం, ముద్రలో అదే ఉంది గనుక.

జవాబు వచ్చేదాకా రేడియో తెరవకూడదనుకున్నాను. దాని మీద తువ్వాలు కప్పాను. వానలు వచ్చాయి. తమ్మిలేరు పొంగి తగ్గింది. సాయంత్రాలు కిటికీ దగ్గరే కూర్చునేవాణ్ణి, ఏ చప్పుడైనా మొదలవుతుంటే లేచి వెళ్లి కుళాయి తిప్పేవాణ్ణి. నీటి చప్పుడులో కూడా ఎవరో ఉండేవారు. చెవులకు మెషిను పెట్టుకొమ్మని డాక్టరమ్మ రెండుసార్లు కబురు చేసింది. పోలేదు. మెషిను పెట్టుకుంటే ఆ గొంతు పోతుందేమోనని ఒక భయం, పోకపోతే ఎలాగని ఇంకో భయం. హనుమంతరావు మాత్రం వారానికోసారి ఫోన్ చేసి, ఇంకా రాలేదండి అని చెప్పేవాడు. ఆ మాట చెప్పడానికి ఫోన్ అక్కర్లేదు. అయినా చేసేవాడు, నేనూ ఎదురుచూసేవాణ్ణి.

పొగమంచు రోజుల్లో అచ్చాయమ్మ ఫోన్ చేసింది. ఏదో పిట్ట బొమ్మ కవరు వచ్చిందట. మీరొస్తేగాని విప్పనని ఆయన దేవుడి గూట్లో పెట్టి కూర్చున్నారు, మీరు తొందరగా రండి, దీపం పెట్టుకోడానికి చోటు లేదు అంది.

మధ్యాహ్నానికి వాళ్ల వంటింట్లో బల్ల దగ్గర ఉన్నాను. హనుమంతరావు కవరు తెచ్చి నా ముందు పెట్టాడు. నేను దాన్ని ఇటూ అటూ తిప్పి చూస్తుంటే మళ్లీ తీసుకుని, తనే చింపాడు. ఒక కార్డు, ఒక స్టిక్కరు. కార్డు వెనక చేతిరాతతో కొన్ని ఇంగ్లీషు వాక్యాలు. చదివి తెలుగులో చెప్పాను.

"చివరి రోజు మాట్లాడింది నేనే. మాకు వచ్చిన ఉత్తరాలన్నిటిలోకీ మీది చిన్నది. చాలామంది నేను చెప్పిందంతా రాశారు, కొందరు చెప్పనిది కూడా రాశారు. పాటలేవీ వేయలేదు. అందరికీ థాంక్స్ చెప్పి ఆపేద్దామనుకున్నాను. దగ్గు వచ్చింది. అవును, ఆ దగ్గు నాదే. అది ఇంకెవరూ రాయలేదు."

కార్డు బల్ల మీద పెట్టాను. పాట లేదు. అంకెలు లేవు. దగ్గు ఉంది. సముద్రాల అవతల ఒకావిడ గుప్పిట అడ్డం పెట్టుకుని దగ్గితే కొల్లేటి నీళ్ల మీద ఇద్దరు ముసలివాళ్లకి వినబడింది. ఉన్నది ఉంది. పాట నాది, నాతో ఉంది. దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదని అప్పుడు అనిపించింది. రేకుల మీద వాన తగ్గుతున్నట్టు ఉంది.

"అంకెలు లేవన్నమాట," అన్నాడు హనుమంతరావు, కొంచెం చిన్నబోయి.

"ఏం అంకెలండీ?" అంది అచ్చాయమ్మ. అతను నా వైపు చూశాడు. చెప్పండి అన్నట్టు తల ఊపాను. చెప్పాడు. ఆమె విని, చెయ్యి తుడుచుకుని, "నిద్దట్లో అరుస్తారుగా. ఏనాటినుంచో వింటున్నాను," అంది.

ఇక స్టిక్కరు. పోయినసారి తను తీసుకున్నాడు గనుక ఈసారి నా వంతని హనుమంతరావు అన్నాడు. అడ్రసు మీది, దోనె మీరు అడిగి తెచ్చింది, గెడ మీరు వేశారు, మీరే ఉంచుకోండి అన్నాను. మీరు దాచిపెడతారు, నాకు తెలుసు, అయినా మీదే అన్నాడు. మీరు అంటించేస్తారు, అయినా మీదే అన్నాను. స్టిక్కరు బల్ల మీద ఇటూ అటూ జరుగుతోంది. నీలిపక్షి ఒంటికాలి మీద మమ్మల్ని పట్టించుకోకుండా నిలబడి ఉంది.

అచ్చాయమ్మ పప్పు దించడానికి మా మధ్యనుంచి రెండుసార్లు తిరిగింది. మూడోసారి స్టిక్కరు తీసుకుంది. గోరుతో మూల లేపి, వెనక కాగితం సర్రున లాగేసింది.

ఆ చప్పుడు. జీవితమంతా స్టిక్కర్లు దాచినవాణ్ణి, ఆ చప్పుడు ఇంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. పొడి ఆకు మీద ఎవరో నడిచినట్టు చిన్న చప్పుడు, అంతే. ఆమె ఫ్రిజ్ తలుపు మీద పెయింటు లేచి తుప్పు పట్టిన చోట పక్షిని పెట్టి, కొంగుతో గట్టిగా ఒత్తింది.

"ఎన్నాళ్లనుంచో అక్కడ ఏదోటి అంటించమంటున్నాను ఈయన్ని," అంది. "చేతులు కడుక్కోండి అన్నయ్యగారూ, వడ్డిస్తున్నాను."

భోంచేశాం. పక్షి కొంచెం వంకరగా అతుక్కుంది. మూల దగ్గర చిన్న గాలి బుడగ. భోజనాలయ్యాక కూడా నేను అటే చూస్తూ కూర్చున్నాను. ఫ్రిజ్ గుర్రుమని మొదలైంది. కాసేపటికి ఆ గుర్రు అడుగున రేడియోలోని ఆమె వచ్చింది. అదే దూరం, అదే నింపాది.

"మీకేమైనా వినబడుతోందా అండీ?" అని అడిగాను.

హనుమంతరావు తల వంచి, శ్రద్ధగా విన్నాడు.

"ఫ్రిజ్జేనండి," అన్నాడు.

తల ఊపాను. కుర్చీ అతని వైపు కొంచెం జరుపుకుని, ఆమె చెబుతున్నది ఇంకాసేపు విన్నాను.